మామ ఇల్లు అంగడైన ఏడాది

ఈ రోజు పొద్దున కాఫీ తాగుతుండగా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఏడాది ఇంటి పన్ను ఈ నెలాఖరులోగా ఒకేసారి కట్టేస్తే కొంత రాయితీ ఇస్తారట. రిటైరై కర్నూలులో ఈ రెండు గదుల ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాక ఏటా ఇదే నెలలో ఇదే సందేశం వస్తుంది, ఏటా నేను వెంటనే కట్టేస్తాను. ముప్ఫై ఏళ్లు మా సొంతూరి మున్సిపాలిటీ పన్నుల విభాగంలో గుమాస్తాగా కూర్చుని, గడువు దాటితే వడ్డీ పడుతుందని ఊళ్లోవాళ్లందరినీ బెదిరించినదాన్ని. నా పన్ను నేనే ఆలస్యం చేస్తే ఏం బాగుంటుంది? కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో నాలుగు చోట్ల నొక్కి, కాఫీ చల్లారేలోపు కట్టేశాను. రసీదు వచ్చింది. పేరు, డోరు నంబరు, కింద "వినియోగం: నివాసం" అని ఉంది. ఆ మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. నా ఇల్లు నివాసమని నాకు తెలియక కాదు. ఆ ఒక్క మాట తన రసీదు మీద రాయించుకోవడానికి మా మామ ఏం పోగొట్టుకున్నాడో తెలుసు కాబట్టి. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి.

మామ అంటే మా అమ్మకు చిన్న తమ్ముడు. బద్వేలు వైపు ఒక నేత ఊరు మాది. పేరు చెప్పను, చెబితే ఇంకా ఉద్యోగాల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు నొచ్చుకుంటారు. మామ ఇంటి ముందుగది మగ్గం గది. నేలలో మోకాలి లోతుకు మించిన గుంట, అందులో తొక్కుడు కర్రలు, గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసి నేసే పాతకాలపు మగ్గం. ఆ గదిలోకి అడుగు పెడితే గంజి వాసన, తడి నూలు వాసన, వాటితో పాటు మామ బీడీ వాసన. బీడీ మాత్రం గది బయటే తాగేవాడు, మగ్గం దగ్గర తాగితే మహాపాపం. చెప్పులు కూడా గడప బయటే. చిన్నప్పుడు నన్ను గుంటలోకి దిగనిచ్చేవాడు కాదు, దిగాలంటే కాళ్లు కడుక్కోమనేవాడు. మనుషులను ముఖం చూసి గుర్తుపట్టడం ఆయనకు అంతగా రాదు. చీర కొంగు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తే మాత్రం ఎవరు ఏపాటివారో చెప్పేసేవాడు. నేను ఆఫీసుకు కట్టుకెళ్లే చీరల కొంగు పట్టుకుని ప్రతిసారీ ఒకటే మాట: "పాపా, ఇది మిషన్‌ది. దీన్ని కట్టుకోని మా వీధిలోకి రావాకు, పరువు పోతాది." నాకు అప్పటికి అరవై దగ్గర పడుతోంది, ఆయనకు ఇంకా పాపనే.

ఆ గదికి తలుపు లేదు, ఇనుప షట్టరు ఉండేది. దాని వెనక కూడా ఒక కథ ఉంది. పాత చెక్క తలుపు చెదపురుగులు తినేస్తే, సరిగ్గా అదే సమయంలో మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తూ అంగళ్లు పడగొట్టారు. ఏదో మందుల అంగడి షట్టరు మామ చవగ్గా కొనుక్కొచ్చి బిగించుకున్నాడు. దాని మీద ఎర్ర రంగులో సగం చెరిగిపోయిన అక్షరాలు కూడా అలాగే ఉండేవి. ఇంటికి అంగడి తలుపేందని అత్త నెల రోజులు పోట్లాడింది. తర్వాత అలవాటు పడింది. షట్టరు పైకి లేపితే గదంతా వెలుతురు వస్తుంది, నూలు పోగు తెగితే కనపడుతుంది, అంతకన్నా ఏం కావాలన్నాడు మామ.

నా సర్వీసు చివరి ఏళ్లలో పన్ను లెక్క మారింది. అంతకుముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసేవారు. మా ఊళ్లో ఇళ్లకు అద్దె ఏముంటుంది గనక, పన్నూ అలాగే ఉండేది. కొత్త లెక్కలో స్థలం విలువా, కట్టడం విలువా చూసి వేస్తారన్నారు. నివాసానికి ఒక రేటు, వాణిజ్యానికి అంతకు ఎన్నో రెట్లు. ఒక్కసారిగా మరీ పెంచబోమని పైనుంచి భరోసా ఇచ్చారు. అయితే ఇల్లు అంగడిగా మారినట్టు తేలితే ఆ భరోసా వర్తించదు, ఇది చిన్న అక్షరాల్లో ఉండేది, చిన్న అక్షరాలు చదవడమే కదా నా ఉద్యోగం. కొలతలు తీయడానికి మనుషులు బయల్దేరారని తెలియగానే ఊరంతా వింత చేష్టలు మొదలయ్యాయి. టైలరు తన మిషను మీద దుప్పటి కప్పి దాని మీద దేవుడి పటం పెట్టాడు. కిరాణా ఆయన ముందుగదిలో బర్రెను కట్టేశాడు. పిండిమర ఆవిడ మర ముందు మంచం వేసి ముసలత్తను పడుకోబెట్టి, "మా అత్తకు బాగలేదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ అత్త ఆ సాయంత్రమే మర దగ్గర జొన్నలు చెరుగుతూ నాకు కనిపించింది. మామ మాత్రం ఏమీ దాచలేదు. దాచడానికి తన దగ్గర ఏముందని ఆయన నమ్మకం.

మా వీధికి కొలతల మనిషి వచ్చిన రోజు అమావాస్య. నేతవాళ్ల ఇళ్లల్లో అమావాస్య నాడు మగ్గం ఆడించరు. ముందురోజే నేసినంత వరకు మగ్గం మీంచి కోసి, ఆ చీరలు మడతలు పెట్టి, గది అలికి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి వదిలేస్తారు. ఆ రోజు తలంటు పోసుకుని తెల్ల పంచె కట్టుకుని అరుగు మీద కూర్చోవడమే పని. అంటే ఆ మనిషి వచ్చేసరికి మామ ఇల్లు ఎలా కనిపించిందంటే: ఎర్ర అక్షరాల షట్టరు పైకెత్తి ఉంది, లోపల శుభ్రంగా అలికిన గది, గట్టు మీద వరసగా పేర్చిన చీరల దొంతర, ముందు తెల్ల పంచెలో పెద్దమనిషి. మగ్గం మీద చాప కప్పి ఉంది. వచ్చినాయన కోస్తా వైపు నుంచి ఒప్పందం మీద వచ్చిన మనిషి, మగ్గం ముఖం ఎరగడు. అత్త తర్వాత నాకు ఇదంతా అభినయించి మరీ చెప్పింది. మామ ఆయనకు మజ్జిగ ఇప్పించాడు, చీరలు ఒక్కొక్కటే విప్పి చూపించాడు, ఈ అంచుకు ఎన్ని రోజులు పట్టిందో చెప్పాడు. ఆ మనిషి మర్యాదగా, "ఇవన్నీ ఇక్కడే అమ్ముతారాండీ?" అని అడిగాడు. మామకు ఆ ప్రశ్నే నవ్వులాటగా తోచింది. "అమ్మకుంటే తింటామా సార్? ఈ గది నుంచి పోయిన చీర నెల్లూరు దాకా పోతాది" అని గొప్పగా చెప్పాడు. కాగితం చాచి ఇక్కడ సంతకం పెట్టండి అంటే, కళ్లజోడు వెతుక్కోవడం ఎందుకని అలాగే పెట్టేశాడు. పోతూ పోతూ ఆ మనిషి, చీరలు చాలా బాగున్నాయండీ అన్నాడట. ఆ మాటకు మామ రెండు రోజులు పొంగిపోయాడు.

ఆ కాగితం వారం తర్వాత నా బల్ల మీదికి వచ్చింది. కట్టలో ముప్ఫైయో నలభైయో ఉన్నాయి, ఒక్కొక్కటీ కంప్యూటరులో ఎక్కించాలి. డోరు నంబరు చూడగానే నాకు తెలిసింది. ముందుగది: వాణిజ్యం, బట్టల దుకాణం. కింద మామ వంకర సంతకం. ఎక్కించేటప్పుడు ఆ గడిలో ఒక్క మాట మార్చడానికి నాకు పట్టే సమయం ఎంత? తుమ్మినంత సేపు. పైవాళ్లెవరూ కాగితాన్నీ కంప్యూటరునూ పక్కపక్కన పెట్టి చూడరు. కానీ అంతకు రెండేళ్ల ముందు నా పక్క సీటు ఆయన, తన బావమరిది ఇంటి కొలతలు తగ్గించి రాశాడని ఎవరో అర్జీ పెడితే, ఆయన సస్పెండై, ఆ విచారణ ఇంకా నలుగుతూనే ఉంది. నాకు రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. నేను భయపడ్డాను. దానికి వేరే పేరు పెట్టుకోను. అభ్యంతరాలకు గడువు ఉంటుంది కదా, మామ అర్జీ పెట్టుకుంటాడు, న్యాయంగానే మారుతుంది అని నాకు నేను చెప్పుకుని, "వాణిజ్యం" అని కొట్టి, తర్వాతి కాగితం తీశాను.

నోటీసు అందిన రోజు మామ ఆఫీసుకు వచ్చాడు. నా కౌంటరు ముందు వరస ఉంటే వరసలోనే నిలబడ్డాడు, తన వంతు వచ్చాకే నోరు విప్పాడు. "పాపా, నేను ఎప్పుడు అంగడాయన్ని అయితిని?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఏదో పొరపాటు, నా మేనకోడలు కూర్చున్న చోటే పొరపాటు, కాబట్టి సాయంత్రానికి సర్దుకుంటుందని ఆయన ధీమా. ఆ కాగితం ఎక్కించింది నేనేనని చెప్పలేకపోయాను. అర్జీ నేనే రాసిచ్చాను, మంచి దస్తూరీతో రాశాను. పాపం చేసినవాళ్ల దస్తూరీ ఎప్పుడూ బాగుంటుందేమో.

అర్జీ మా పై అధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కడుపు మంటకు మాత్రలు చప్పరిస్తూ, ఎవరినీ కసురుకోకుండా పని చేసుకునే మనిషి. అర్జీ అంతా చదివి, కంప్యూటరు తెర నావైపు తిప్పి చూపించాడు. "అమ్మా, ఈడ రెండే గడులు ఉండాయి. నివాసం, వాణిజ్యం. మగ్గానికి గడి లేదు. అమ్మేదానికి సరుకు తయారు చేస్తే వాణిజ్యం అని ఉండాది. మీ మామ అమ్ముతానని చెప్పి సంతకం పెట్టినాడు. ఇప్పుడు నేను నివాసం అని రాయాల్నంటే నా కంటికి నివాసం కనపడాల. మగ్గం తీసేసి, గుంట మూసి, ఒక మంచం ఏపిచ్చు. వచ్చి చూసి రాసేస్తా" అన్నాడు. ఆయన వైపు నుంచి అది ఉపకారమే.

మంచం వేయడం అంత సులువైతే నేను ఇంత చెప్పేదాన్ని కాదు. సొంత ఇంట్లో సొంత మగ్గం ఆడించేవాళ్లకు సర్కారు ఏడాదికోసారి కొంత సాయం ఇచ్చేది. మామ పడుగు నూలు కొనేది దానితోనే. ఆ సాయం రావాలంటే చేనేత ఆఫీసు మనిషి ఇంటికి వచ్చి, మామ మగ్గం మీద కూర్చుని నేస్తుండగా ఫోనులో ఫొటో తీసుకోవాలి. ఏ ఇంట్లో, ఏ రోజు తీశారో కూడా ఆ ఫొటోలోనే నమోదవుతుంది. అంటే గదిలో మగ్గం ఉంటే మామది అంగడి. లేకపోతే మామ నేతగాడు కాడు. రెండు ఆఫీసులూ సర్కారువే, రెండూ ఆ ఒక్క గదినే చూస్తున్నాయి, ఒకదానికొకటి మాట లేదు. అంగడి పన్నే కట్టేద్దామా అని అత్త అడిగితే, "అయితే నేను నేసేది వాళ్ల కోసమే అయితాది" అన్నాడు మామ. చివరికి, ఫొటో మనిషి రావడానికి ఇంకా టైముంది, ముందు పన్ను ఆయన్ను, అంటే మా అధికారిని, పిలిపించుకుని చూపించేసి, ఆ వెంటనే మగ్గం మళ్లీ నిలబెట్టుకుందాం అని సలహా ఇచ్చింది నేనే. నా తెలివితేటల మీద నాకు అప్పట్లో గట్టి నమ్మకం.

మగ్గం విప్పడానికి ఒక పూట పట్టింది. కర్రలన్నీ పెరట్లో గోడకు చేర్చి, సగం నేసిన పడుగు చుట్ట చుట్టి మంచం కింద పెట్టి, గుంట మీద పలకలు పరిచి, వాటి మీద మంచం వేశారు. పన్ను ఆయన రేపు వస్తాడనుకున్నాం. ఒక వారం ఆయనకు కడపలో సమావేశాలు, ఒక వారం ఎవరో పెద్దాయన రాక, ఇంకో వారం పన్ను వసూళ్ల ఒత్తిడి. అడిగితే "రేపో మాపో వస్తా కదమ్మా" అనేవాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు కనుక మగ్గం మళ్లీ నిలబెట్టడానికి లేదు. ఎండాకాలం వచ్చేసింది. మామ ఆ గదిలో మంచం మీద కూర్చుని ఉండేవాడు. బయటికి పొమ్మంటే పోడు, ఆయన వచ్చి పోతాడేమోనని. ఒకరోజు అన్నం తీసుకుని వెళ్తే, మంచం కాస్త జరిపి, ఒక పలక పక్కకు తీసి, గుంటలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున కాళ్లు పైకి లాక్కున్నాడు. తన ఇంట్లో తన గుంటలో కాళ్లు పెట్టుకోవడానికి నన్ను చూసి భయపడ్డాడు. ఆ అన్నం గిన్నె అక్కడ పెట్టి నేను వెంటనే వచ్చేశాను. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను.

తర్వాతి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం బైకు ఆగిన చప్పుడైతే పన్ను ఆయనేనని అందరం లేచాం. వచ్చింది చేనేత ఆఫీసు మనిషి. ఈసారి ముందుగానే పూర్తి చేయమన్నారట. గదిలోకి చూసి, "మగ్గం యాడ పెద్దాయనా?" అన్నాడు. మామ పెరట్లోకి చూపించాడు. ఒక్క పూట టైమియ్యి సామీ, నిలబెడతానన్నాడు. ఆ మనిషి వాచీ చూసుకున్నాడు. ఇంకా ఇరవై ఇళ్లు ఉన్నాయి, రేపటికి జాబితా మూసేస్తారు. నేను ఏదో చెప్పబోయాను, పన్నుల విభాగం, అర్జీ, రెండు గడులు. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పనీ లేదు. ఈలోగా అత్త మంచం ఈడ్చేసింది, పలకలు లాగేసింది. మామ చెప్పులు లేని కాళ్లే అయినా ఒకసారి పంచెతో తుడుచుకుని, గుంటలోకి కాళ్లు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని, ఎదురుగా ఏమీ లేని చోట నేయడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి గాలిలో దువ్వెన పలకను ముందుకీ వెనక్కీ తోస్తోంది, కుడి చెయ్యి లేని తాడు లాగుతోంది, కాళ్లు లేని కర్రలు తొక్కుతున్నాయి. "ఇదో సార్, గుంట ఈడనే ఉండాది. నా కాళ్లు ఈడనే ఉండాయి. ఇట్లనే నేస్తా. యాభై ఏండ్ల నుంచి ఇట్లనే నేస్తాండా. తీయి సార్ ఫొటో" అన్నాడు. ఆ మనిషి ఫోను పైకెత్తాడు, దించాడు. అలా తీస్తే తనని తిడతారనుకున్నాడో, తీయకపోతే తనకే నిద్ర పట్టదనుకున్నాడో గానీ, "లేదులే పెద్దాయనా, లేయి" అని మామ భుజం పట్టుకుని లేపాడు. ఫొటో తీయకుండా వెళ్లిపోయాడు. మామ పేరు ఆ ఏడు జాబితాలో లేదు.

పన్ను ఆయన గురువారం వచ్చాడు. మంచం చూశాడు, పలకలు కాలితో తట్టి చూశాడు, తృప్తిగా రాసుకున్నాడు. మళ్లీ ఈ గదిలో వ్యాపారం కనపడితే మొదటి నుంచి అంగడి పన్ను జరిమానాతో కడతానని ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఈసారి మామ కళ్లజోడు పెట్టుకుని, ప్రతి అక్షరం చదివి మరీ పెట్టాడు. ఇక మగ్గం నిలబెట్టడానికి వీల్లేదు, నిలబెట్టినా కొత్త పడుగు కొనడానికి చేతిలో ఏమీ లేదు. పదిహేను రోజులు పోయాక ఒక బండెడు మట్టి తోలించుకున్నాడు. ఖాళీ గుంట చూస్తా ఆ గదిలో పండుకోలేనన్నాడు. అత్త అడ్డుపడింది, తిట్టింది, పెరట్లోకి వెళ్లి కూర్చుంది. మామ ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. గంపతో తనే మోసి పోశాడు. మట్టి పోసేటప్పుడు కూడా చెప్పులు గడప బయటే విడిచి లోపలికి వచ్చాడు, ప్రతి గంపకూ.

సవరణ ఉత్తర్వు నా బల్ల మీదికే వచ్చింది. "వాణిజ్యం" తీసేసి "నివాసం" అని కొట్టాను. తుమ్మినంత సేపే పట్టింది, నేను అనుకున్నట్టే. మామ ఇప్పుడు మెయిన్ రోడ్డులో ఒక బట్టల అంగట్లో చీరలు మడత పెడుతున్నాడు. అన్నీ మిషన్‌వి. కొనేవాళ్లు విప్పి పడేసినవి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మడత పెడుతూనే ఉంటాడు. నేను వెళ్తే పలకరిస్తాడు, ఎండలో వచ్చినావా, కాఫీ తాగుతావా అంటాడు. నా కొంగు మాత్రం ఇప్పుడు పట్టి చూడడు. పట్టి చూసి తిడితే బాగుండునని నేను ఒకటి రెండుసార్లు కావాలనే దగ్గరగా నిలబడ్డాను కూడా.

ఆ కొత్త రసీదు ఇవ్వడానికి వెళ్లిన రోజు గది నేల ఇంకా తడిగా ఉంది, గుంట ఉన్న చోట మట్టి రంగు కాస్త వేరుగా ఉంది. ఆ కాగితం ఎక్కించింది నేనేనని ఆ రోజు చెప్పేశాను. మామ కోప్పడలేదు, "నీకు మాత్రం ఉద్యోగం కావల్ల కదా పాపా" అన్నాడు. రసీదును దూరంగా పట్టుకుని చదివాడు, ఆ మాట మీద వేలు పెట్టాడు. "ఇప్పుడు ఇది ఇల్లేనా?" అన్నాడు. ఇల్లే మామా అన్నాను. "అయితే ఇన్ని ఏండ్లు నేను యాడ ఉన్నట్టు?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. చదువుకున్నదాన్ని, ఆఫీసులో ఉన్నదాన్ని, నాకు తెలిసి ఉంటుందని అడిగాడు. వచ్చిన ప్రతి అర్జీకి నెలలోగా జవాబు ఇవ్వాలని మా ఆఫీసు గోడ మీద రాసి ఉండేది, నా సర్వీసంతా ఒక్కటి కూడా ఆలస్యం చేయలేదు. మామ అడిగినదానికి మాత్రం గడువు దాటి ఏళ్లు గడిచిపోయాయి, నేను ఇంకా జవాబు ఇవ్వలేదు.